‘ది లెపర్డ్’ సినిమా వెనక ఉన్న లెక్కలు: ఒక పెళ్లి, ఒక ఓటు, కొంత భూమి

2024 ఆగస్టులో అలాన్ దెలాన్ పోయాడు. 2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో ‘ది లెపర్డ్’ పేరుతో కొత్త సిరీస్ వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో క్లాడియా కార్దినాలే కూడా వెళ్లిపోయింది. దాంతో వీళ్లిద్దరూ వయసులో ఉన్నప్పుడు కలిసి నటించిన పాత ‘ది లెపర్డ్’, అంటే లుచీనో విస్కోంతి 1963లో తీసిన మూడు గంటల సినిమా, మళ్లీ మాటల్లోకి వచ్చింది. మొదటిసారి చూసేవాళ్లకి కళ్లు చెదిరే బట్టలు, బంగళాలు, డాన్సులు బాగానే కనిపిస్తాయి, కానీ ఎవరు ఎవరి మీద యుద్ధం చేస్తున్నారు, ఎర్ర చొక్కాల వాళ్లు మంచివాళ్లా చెడ్డవాళ్లా, ఆ పెద్దాయన ఎందుకు అంత దిగులుగా తిరుగుతున్నాడు అనేవి మాత్రం తలకెక్కవు. ఇటలీ ప్రేక్షకుడికి ఇది స్కూల్లో చదివిన పాఠం కాబట్టి సినిమా ఏదీ విడమరిచి చెప్పదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. సినిమా చూడనివాళ్లకి కూడా ఇందులో ఒక డైలాగ్ తెలుసు: అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండాలంటే అన్నీ మారాలి. రాజకీయాల మీద రాసే వ్యాసాల్లో దీన్ని తెగ వాడేస్తుంటారు, సినిమా చెప్పేది ఇదే అన్నట్టు. నిజానికి సినిమా ఆ మాట చెప్పి ఊరుకోదు, మిగతా రెండున్నర గంటలూ అది ఎంతవరకు నిజమో లెక్క వేసి చూపిస్తుంది.

1860లో ఇటలీ అనే దేశం లేదు

ఇటలీ అప్పటికి ఒకే జెండా కింద ఉన్న దేశం కాదు, ముక్కలు ముక్కలుగా ఉన్న రాజ్యాలు. దక్షిణాన నేపుల్స్ రాజధానిగా బోర్బన్ వంశం పాలించే రాజ్యం ఉంది, సిసిలీ దీవి అందులో భాగం. వాయవ్యాన ట్యూరిన్ రాజధానిగా పీడ్‌మాంట్ రాజ్యం, దాని రాజు రెండో విక్టర్ ఇమ్మాన్యుయెల్, ప్రధాని కావూర్. మధ్యలో రోమ్ చుట్టూ పోప్ పాలన. ఈ ముక్కలన్నీ కలిపి ఒకే దేశం చెయ్యాలన్న ఉద్యమం అప్పటికే చాలా ఏళ్లుగా నడుస్తోంది. అయితే ‘ఎవరు కలపాలి, కలిపాక ఎవరు ఏలాలి’ అన్న దగ్గర ఉద్యమంలోనే రెండు దారులు: ప్రజల తిరుగుబాటుతో గణతంత్రం రావాలనేవాళ్లు కొందరు, పీడ్‌మాంట్ రాజు గొడుగు కిందికి అందరూ రావాలనేవాళ్లు కొందరు.

ఏకీకరణ కోసం పోరాడిన సేనాని గారిబాల్డి ఈ రెండింటి మధ్యలో నిలబడ్డ మనిషి. మనసు గణతంత్రం వైపు, కానీ దేశం ఒకటైతే చాలు, రాజైనా ఫర్వాలేదు అనుకున్నాడు. 1860 మే 11న వెయ్యిమందికి కాస్త పైచిలుకు వాలంటీర్లతో సిసిలీ పడమటి తీరంలో మార్సాలా దగ్గర దిగాడు. మే 15న కలతాఫీమి దగ్గర బోర్బన్ సైన్యాన్ని ఓడించాడు, మే 27న పలెర్మోలోకి దూరాడు. సినిమా మొదట్లో వీధుల్లో జరిగే పోరాటం ఈ మే 27దే. ఎర్ర చొక్కాల వాళ్లు గారిబాల్డి మనుషులు, అవతలివైపు బోర్బన్ రాజు సైనికులు. ఈ పోరాటం నవల్లో లేదు, విస్కోంతి కలిపాడు. ఎందుకు కలిపాడన్నది చివర్లో తేలుతుంది.

కథలో పెద్దాయన డాన్ ఫాబ్రిత్సియో, సలీనా ప్రిన్స్. ఇక్కడ ప్రిన్స్ అంటే యువరాజు అనుకోకూడదు, అది పెద్ద భూస్వామ్య బిరుదు. సలీనా వంశం కల్పితం, కానీ గాలిలోంచి పుట్టలేదు. నవల రాసిన జుసెప్పే తొమాసి ది లాంపెదూసా తనే ఒక సిసిలీ ప్రిన్స్. ఖగోళ శాస్త్రం పిచ్చి ఉన్న తన ముత్తాతని మనసులో పెట్టుకుని ఈ పాత్రని రాశాడు. ఆ కుటుంబానికి పలెర్మోలో ఉన్న భవంతి 1943 బాంబు దాడుల్లో పోయింది. ఆయన 1957లో చనిపోయాడు, నవల 1958లో అచ్చయింది, పేరు చూసుకునే యోగం దక్కలేదు.

దొరకి భూమి ఉంది, మరి దిగులెందుకు?

చాలామంది అనుకునేది ఏమిటంటే, గారిబాల్డి వచ్చాడు కాబట్టి దొరల పని అయిపోయింది అని. కాదు, చితుకు ఎప్పుడో అంటుకుంది.

సిసిలీలో భూస్వామ్య హక్కుల్ని 1812 రాజ్యాంగంతోనే రద్దు చేశారు. రద్దు అనగానే భూమి రైతుకి వచ్చిందేమో అనిపిస్తుంది, అదేం జరగలేదు. అంతకుముందు దొర తన ప్రాంతంలో భూమికే కాదు, కోర్టుకీ శిక్షలకీ కూడా యజమాని. రద్దుతో ఆ అధికారాలు పోయాయి, భూమి మాత్రం అతని సొంత ఆస్తిగా మిగిలింది. ఆ భూమిలో కట్టెలు కొట్టుకోవడానికీ పశువులు మేపుకోవడానికీ ఊరివాళ్లకి తరతరాలుగా ఉన్న హక్కులే ప్రశ్నార్థకమయ్యాయి. అంటే ‘భూస్వామ్యం రద్దు’ అన్న మంచి మాట కింద రైతుకి ఉన్నది కూడా కొంత పోయింది.

దొరకి కూడా అందులో ఒక ముల్లు దాగుంది. పాత పద్ధతిలో వంశం ఆస్తిని అమ్మకూడదు, ముక్కలు చెయ్యకూడదు, మొత్తం పెద్దకొడుకుకే. ఎంత అప్పు చేసినా ఆస్తి వంశం దాటి పోయేది కాదు. కొత్త పద్ధతిలో భూమి కూడా సరుకే, అమ్మొచ్చు, కొనొచ్చు, పిల్లలందరూ వాటా అడగొచ్చు. పట్నంలో కూర్చుని ఖర్చు పెట్టుకునే దొరలు పల్లెల్లో భూమిని గంపగుత్తగా కౌలుకి ఇచ్చేసేవాళ్లు. ఆ గుత్తదారు దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి రైతులకి ఎక్కువ కౌలుకి తిప్పేవాడు. మధ్యలో మిగిలేది అతని జేబులోకి. ఇంకో తరం గడిచేసరికి అప్పుల్లో పడ్డ దొర దగ్గర అదే భూమిని అతనే కొనేవాడు.

సినిమాలో డాన్ కాలోజెరో సెదారా ఈ కొత్త డబ్బుకి మనిషి రూపం. దొన్నాఫుగాతా అనే ఊరికి మేయరు. సలీనా కుటుంబం ఎండాకాలం గడపడానికి అక్కడికి వచ్చినప్పుడు ఊరి పెద్దలకి విందు ఇస్తుంది. వచ్చేవాళ్ల దగ్గర ఫార్మల్ సూట్లు ఉండవు కదా, వాళ్లు చిన్నబుచ్చుకోకూడదని ప్రిన్స్ కూడా మామూలు బట్టల్లోనే ఉంటాడు. అప్పుడు సెదారా తోక కోటు వేసుకుని మెట్లెక్కుతాడు. కుట్టు ఘోరంగా ఉంటుంది, అందరూ నవ్వాపుకుంటారు, కానీ ప్రిన్స్ ముఖం ఒక్క క్షణం చూడండి. ఇంతవరకు ఎవరు ఏం వేసుకోవాలో నిర్ణయించినవాడు ఆయన.

మేనరికం ఎందుకు కుదరలేదు

తెలుగు ప్రేక్షకులకి ఈ కథలో వెంటనే తగిలే ముడి ఇదే. తాంక్రేది ప్రిన్స్‌కి సొంత మేనల్లుడు, తండ్రి ఆస్తంతా తగలేసి పోయాడు, బిరుదు ఒక్కటే మిగిలింది. ప్రిన్స్ కూతురు కొంచెట్టా బావ మీద ప్రాణం పెట్టుకుంది. ఇంటి పాదిరీ వచ్చి ఆ సంగతి చెప్తాడు కూడా. మన లెక్కలో అయితే సగం కథ అక్కడే అయిపోవాలి. ప్రిన్స్ ఒప్పుకోడు, పైగా ఆ కుర్రాడికి సెదారా కూతురు ఆంజెలికాని తనే స్వయంగా అడుగుతాడు. కన్నకూతురి మీద ప్రేమ లేకనా? లెక్క వేసి చూద్దాం. ఈ అంకెలు నేను ఊహించుకున్నవి, పద్ధతి అర్థం కావడానికి.

సలీనా ఆస్తి మీద ఏడాదికి 70 వేలు వస్తుంది అనుకుందాం. ప్రిన్స్‌కి ఏడుగురు పిల్లలు. అందరికీ సమానంగా పంచినా తలకి 10 వేలు. నిజానికి ఆడపిల్లలకి కట్నం రూపంలో దక్కేది అంతకంటే తక్కువే. అదే పాత పద్ధతి అయితే పెద్దకొడుకుకి మొత్తం 70 వేలూ వచ్చేవి, వంశం పేరు నిలిచేది, మిగతావాళ్లు మఠాల్లోనో సైన్యంలోనో చేరేవాళ్లు. ఇప్పుడు ఒక్కొక్కరికీ నలుగురేసి పిల్లలు పుడితే మనవల తరానికి 2,500. మూడో తరంలో బిరుదు తప్ప ఏమీ మిగలదు.

ఇటు సెదారాకి ఆస్తి ప్రిన్స్ కంటే తక్కువే అనుకుందాం, 50 వేలు. కానీ అతనికి ఆంజెలికా ఒక్కతే కూతురు. మొత్తం ఆమెకే. అంటే చిన్న ఆస్తి ఉన్నవాడి కూతురు పెద్ద ఆస్తి ఉన్నవాడి కూతురి కంటే ఐదు రెట్లు ధనవంతురాలు. తాంక్రేదికి రాజకీయాల్లో, దౌత్యంలో పైకి రావాలని ఉంది, దానికి డబ్బు కావాలి. కొంచెట్టా తెచ్చే 10 వేలు ఇల్లు నడపడానికే సరిపోవు. ఇది ప్రేమకథలా కనిపిస్తుంది కానీ (తాంక్రేదిగా దెలాన్, ఆంజెలికాగా కార్దినాలే కలిసి నిలబడితే ఏదైనా ప్రేమకథలాగే కనిపిస్తుంది, అది వేరే విషయం) లోపల నడిచేది పంపకాల చట్టం.

ఇది ఒట్టి కల్పన కూడా కాదు. రచయిత ముత్తాత 1885లో చనిపోయాక లాంపెదూసా కుటుంబంలో ఆస్తి తగాదా దశాబ్దాల తరబడి సాగింది.

512కి 512

సినిమాలో మరో కీలకమైన చోటు ఓటింగు. 1860 అక్టోబర్ 21న సిసిలీలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ప్రశ్న ఒకటే: విక్టర్ ఇమ్మాన్యుయెల్ రాజుగా ఒకే ఇటలీ కావాలా, వద్దా. 21 ఏళ్లు దాటిన మగవాళ్లందరికీ ఓటు. దీవి మొత్తం మీద ఫలితం: అవును 4,32,053, కాదు 667.

దొన్నాఫుగాతాలో సెదారా బాల్కనీ ఎక్కి చదివేది: ఓటర్లు 515, వేసినవాళ్లు 512, అవును 512, కాదు సున్నా. తర్వాత వేటకి వెళ్లినప్పుడు ప్రిన్స్ వెంట ఉండే డాన్ చిచ్చో తుమేయో, చర్చిలో ఆర్గన్ వాయించే పేదవాడు, ఉండబట్టలేక బయటపెడతాడు: నేను కాదు అని వేశాను. తన చదువుకి సాయం చేసింది పాత రాజవంశమేనని అతని కృతజ్ఞత. ఆ ఓటుని సెదారా మింగేశాడు.

దీన్ని చూసి ‘చూశారా, మొత్తం రిగ్గింగే’ అనెయ్యడం తేలిక. కాస్త లెక్క వేస్తే విషయం అంత సూటిగా ఉండదు. దీవి మొత్తంలో సుమారు 650 ఓట్లకి ఒకటి ‘కాదు’. అదే నిష్పత్తి ప్రకారం 512 ఓట్లున్న ఊళ్లో ఒక్క ‘కాదు’ కూడా రాకపోయినా వింతేమీ లేదు. అంటే అంకెల్ని చూసి మోసం కనిపెట్టలేం. ‘అవును’ ఎలాగూ గెలిచేది, ప్రిన్స్ స్వయంగా అవుననే వేశాడు, పక్కవాళ్లకీ అదే చెప్పాడు. చాలామంది చరిత్రకారులు కూడా బోర్బన్ల మీద సిసిలీలో నిజంగానే విసుగు ఉందనీ, నేపుల్స్ పెత్తనం పోతే చాలనుకున్నవాళ్లు ఎక్కువనీ అంటారు. ఇంకోపక్క ఓటు రహస్యంగా ఉండే ఏర్పాటు నామమాత్రం, దొరా గుత్తదారూ చూస్తుండగా రైతు వేరేగా వెయ్యడం కష్టం అనేవాళ్లూ ఉన్నారు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

సినిమా పట్టుకున్న పాయింటు వేరే. గెలిచేది ఖాయమైన చోట కూడా ఆ ఒక్క ఓటుని మాయం చేశారు. 511-1 అని చదివి ఉంటే కొత్త దేశానికి ఏం నష్టం? తుమేయో ఒక్కడైనా ‘నా మాట విన్నారు’ అనుకునేవాడు.

ఇంకో సంగతి సినిమాలో కనపడదు కానీ తెలిస్తే సీను బరువు పెరుగుతుంది. ఆ రోజు ఓటు వేసినవాళ్లలో ఎక్కువమందికి కొన్ని నెలల తర్వాత జరిగిన 1861 పార్లమెంటు ఎన్నికల్లో ఓటే లేదు. 25 ఏళ్లు దాటి, చదవడం రాయడం వచ్చి, ఏడాదికి 40 లీరాల పన్ను కట్టే మగవాళ్లకే ఓటు హక్కు. రెండు కోట్లు దాటిన జనాభాలో అది రెండు శాతం కూడా కాదు. రాజుని ఒప్పుకోవడానికి అందరూ కావాలి, చట్టాలు చెయ్యడానికి సెదారా లాంటివాళ్లు చాలు.

ఎర్ర చొక్కా నుంచి సైనిక యూనిఫాం దాకా

తాంక్రేది మొదట ఎర్ర చొక్కా వేసుకుని గారిబాల్డితో కొండలెక్కుతాడు. తర్వాత తిరిగొచ్చినప్పుడు పీడ్‌మాంట్ రాజు సైన్యం యూనిఫాంలో ఉంటాడు, గారిబాల్డి మనుషుల్ని అల్లరి మూక అన్నట్టు మాట్లాడతాడు. సినిమా దీన్ని ఎక్కడా వేలెత్తి చూపించదు, అందుకే చాలామందికి దాటిపోతుంది.

మధ్యలో ఏం జరిగింది? గారిబాల్డి 1860 జూన్‌లో పోరాటంలో పాల్గొన్నవాళ్లకి భూమి పంచుతామని ఆదేశం ఇచ్చాడు. రైతులు దాన్ని నమ్మారు. ఆగస్టులో ఎట్నా పర్వతం దగ్గర బ్రొంతే అనే ఊళ్లో భూమి కోసం తిరగబడి ఊరి పెద్దల్ని కొందరిని చంపేశారు. అణచడానికి వచ్చింది బోర్బన్ సైన్యం కాదు, గారిబాల్డి సేనాని నీనో బిక్సియో. గబగబా విచారణ జరిపి ఐదుగురిని కాల్పించాడు. రెండేళ్ల తర్వాత వంతు గారిబాల్డిదే. రోమ్‌ని కూడా కలపాలని వాలంటీర్లతో బయల్దేరితే, 1862 ఆగస్టు 29న అస్ప్రోమోంతే కొండల్లో కొత్త ఇటలీ సైన్యమే కాల్చి అతన్ని గాయపరిచింది. ఆ సైన్యాన్ని నడిపిన కర్నల్ పల్లవిచీనో.

సినిమా చివర్లో 45 నిమిషాల దాకా సాగే నాట్యవిందులో ఛాతీ విరుచుకుని గొప్పలు చెప్పుకునే సైనికాధికారి ఆ పల్లవిచీనోనే. ఈ పేరు తెలియకపోతే అతనెవరో బోర్ కొట్టించే అతిథి అనిపిస్తాడు. తెలిస్తే ఆ గది మొత్తం వేరేగా కనిపిస్తుంది: రెండేళ్ల కిందట ఎవరి వెంట తాంక్రేది కొండలెక్కాడో ఆ మనిషిని కాల్చినవాడితో ఇప్పుడు అందరూ కలిసి భోంచేస్తున్నారు. గారిబాల్డి వెంట వెళ్లిన సైనికుల్ని తెల్లారి కాల్చబోతున్నారని తెలిసి తాంక్రేది అది సబబే అంటాడు. ఒకప్పుడైతే నువ్విలా మాట్లాడేవాడివి కాదు అని కొంచెట్టా అంటుంది. తెల్లారి తుపాకుల చప్పుడు వినిపించినప్పుడు బండిలో ఉన్న సెదారాకి నిశ్చింత. మొదట్లో పలెర్మో పోరాటాన్ని విస్కోంతి అంత వివరంగా చూపించింది ఈ చివరి కాల్పుల కోసమే అని నా నమ్మకం. అప్పుడు రాజు సైనికులు తిరగబడ్డవాళ్లని గోడకి నిలబెట్టి కాల్చారు, ఇప్పుడూ అంతే, రాజు మాత్రం వేరే.

ఆ డైలాగ్ ఎవరిది, ఎంత నిజం

అన్నీ మారాలి అన్న మాట చెప్పేది ప్రిన్స్ కాదు, తాంక్రేది. అదీ గారిబాల్డిలో చేరడానికి వెళ్తూ, మేనమామని ఒప్పించడానికి. కుర్రాడి తెలివైన వాదన అది, అంతకంటే ఎక్కువ కాదు. ప్రిన్స్ కాసేపు దాన్ని నమ్మాలని చూస్తాడు. తర్వాత ట్యూరిన్ నుంచి షెవాలే అనే మర్యాదస్తుడైన అధికారి వచ్చి సెనేట్‌లో సీటు ఇస్తామంటే (సెనేటర్లని రాజు జీవితకాలానికి నియమించేవాడు) వద్దంటాడు, పైగా సెదారా పేరు సూచిస్తాడు. అన్నీ ఉన్నట్టే ఉంటాయని నమ్మే మనిషి అలా చెయ్యడు. తనలాంటి చిరుతలూ సింహాలూ పోయి నక్కలూ హైనాలూ వస్తాయని షెవాలేతో అంటాడు.

కాబట్టి ప్రశ్న ‘మారిందా లేదా’ కాదు, ఎవరికి మారింది. సలీనా కుటుంబానికి అన్నీ మారాయి. సెదారాకి అన్నీ కలిసొచ్చాయి, 1866 తర్వాత చర్చి భూములు వేలానికి వచ్చినప్పుడు అలాంటివాళ్లే ఎక్కువగా కొన్నారు. రైతుకి యజమాని పేరు మారింది, కొత్తగా నిర్బంధ సైనిక సేవ వచ్చింది, 1868లో పిండి మర మీద పన్ను కూడా.

దీని మీద ఇటలీలో పెద్ద వాదమే ఉంది. కమ్యూనిస్టు ఆలోచనాపరుడు గ్రాంషీ జైల్లో రాసుకున్న నోటుపుస్తకాల్లో ఈ ఏకీకరణని పైనుంచి జరిగిన విప్లవంగా చూశాడు: రైతులకి భూమి ఇచ్చి వాళ్లని కలుపుకోలేదు కాబట్టే కొత్త దేశం బలహీనంగా పుట్టింది. చరిత్రకారుడు రొసారియో రొమేయో దీన్ని గట్టిగా ఖండించాడు. అప్పట్లో భూమి పంచేసి ఉంటే పెట్టుబడి పోగయ్యేది కాదు, పరిశ్రమలు రావడం ఇంకా ఆలస్యమయ్యేది అని అతని వాదన. నవల మీద కూడా ఇదే గొడవ. వామపక్ష రచయిత ఎలియో విత్తొరీని ప్రచురణకి దాన్ని కాదన్నాడు, చాలామంది వామపక్షీయులు అది దొరల ఏడుపు అన్నారు. తీరా సినిమా తీసింది విస్కోంతి, మిలాన్‌లో పాత ప్రభువంశంలో పుట్టి కమ్యూనిస్టులకి దగ్గరగా నిలబడ్డ మనిషి. అతను గ్రాంషీ వైపే చూశాడనేది పోరాటమూ కాల్పులూ కలపడంలో తెలుస్తుంది, కానీ కెమెరా మాత్రం దొర మీద జాలిని దాచుకోలేకపోయింది. ఈ రెండూ పొసగవనేవాళ్లు ఉన్నారు. నాకైతే సినిమా బలం ఆ పొసగకపోవడంలోనే ఉందనిపిస్తుంది.

ఏ వెర్షన్ చూశారు?

సగం గందరగోళం ఇక్కడి నుంచి కూడా వస్తుంది. 1963లో కాన్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి పామ్ దోర్ గెలిచిన ఈ సినిమాని అమెరికాలో 161 నిమిషాలకి కుదించి, ఇంగ్లీషు డబ్బింగుతో వదిలారు. ఇటాలియన్ వెర్షన్ మూడు గంటల పైనే. ప్రిన్స్‌గా వేసిన బర్ట్ లాంకాస్టర్ అమెరికన్, దెలాన్ ఫ్రెంచ్, కాబట్టి ఇటాలియన్‌లో వాళ్ల గొంతులు వేరేవాళ్లవి, అయినా పూర్తి సినిమా అదే. 2010లో రంగులు బాగుచేసి మళ్లీ తెచ్చిన ప్రతి దీనిదే. నవల మాత్రం 1862 నాట్యవిందు దగ్గర ఆగదు, 1883లో ప్రిన్స్ మరణం మీదుగా 1910 వరకు వెళ్తుంది. తాంక్రేది, ఆంజెలికాల పెళ్లి తర్వాత ఏమైంది, కొంచెట్టా ఎలా మిగిలింది అనేవి అక్కడే దొరుకుతాయి. కొత్త సిరీస్ కొంచెట్టాకి చాలా ఎక్కువ చోటిచ్చింది కాబట్టి రెండూ చూసినవాళ్లకి ఇవి వేర్వేరు మనుషుల కథల్లా అనిపించే అవకాశం ఉంది.